సెలవులకు ఇంటికొచ్చినప్పుడే చెయ్యి తిరగాలి: విదేశాల్లో ఎంబీబీఎస్ పిల్లలకు క్లినికల్ పరీక్షల సంగతి

జులైలో నెల్లూరు, కావలి, ఒంగోలు స్టేషన్లలో పెద్ద పెట్టెలతో దిగే పిల్లల్లో రష్యా, కిర్గిజ్‌స్తాన్, జార్జియాల్లో మెడిసిన్ చదివేవాళ్లు కొందరుంటారు. సెప్టెంబరులో మళ్లీ విమానం ఎక్కేదాకా చేతిలో కొన్ని వారాలే ఉంటాయి. అవి చాలామందికి, విదేశాల్లో మెడిసిన్ చదివినవాళ్లు ఇక్కడ రాయాల్సిన ఎఫ్‌ఎంజీఈ ప్రశ్నలు చేయడంలోనే గడిచిపోతాయి. ఆ పరీక్షలో 300 ప్రశ్నలు, 150 వస్తే పాస్. మీ చెయ్యి ఎలా ఆడుతుందో అక్కడ ఎవరూ చూడరు. కాలేజీలో పేషెంటు మంచం పక్కన జరిగే పరీక్షలో చూసేది మాత్రం మీ చేతినీ నోటినీ. గదిలో కూర్చుని ఎన్ని ప్రశ్నలు చేసినా దానికి పనికిరాదు. అందుకే సెలవుల్లో రోజుకో గంట దీనికే తీసిపెట్టమని గట్టిగా చెబుతాను.

ఇంట్లో అందరూ బాగానే ఉన్నారు కదా, ఎవరిని చూడాలి అంటారు. బాగున్నవాళ్లనే చూడాలి. వేలితో తట్టినప్పుడు బాగున్న ఛాతీ మోత చెవికి ఎక్కకపోతే, నీరు పట్టిన ఛాతీ మోత తేడాగా వినిపించదు. లావుగా ఉన్న బాబాయి, బక్కపలచటి తమ్ముడు, గూని తాత, ముగ్గురి ఛాతీలూ మూడు రకాలుగా మోగుతాయి. అడిగి, ఒప్పుకున్నాకే చెయ్యి వేయండి. పరీక్షలో మొదటి మార్కు కూడా దానికే.

ఇలా తట్టి మోత వినడాన్నే పర్కషన్ అంటారు. అందులో ఎడమచేతి నడిమివేలు ఒక్కటే ఒంటికి గట్టిగా ఆనాలి. మిగతా వేళ్లు కూడా ఆనితే మోత చచ్చిపోతుంది. కుడి నడిమివేలు కొంకిలా వంచి, మణికట్టు దగ్గర్నుంచే ఊపి, కొట్టిన మరుక్షణం తీసేయాలి. మోచెయ్యి ఊగితే దెబ్బ ఒక్కోసారి ఒక్కోలా పడుతుంది, రెండు పక్కలా పోల్చడానికి వీలుండదు. గోరు పెరిగి ఉంటే సొంత వేలికే గుచ్చుకుని కొట్టడానికి చెయ్యి జంకుతుంది. సాధనకి సగం నిండిన బియ్యం డబ్బా చాలు. పక్కనుంచి తట్టుకుంటూ పైనుంచి కిందికి రండి, బియ్యం ఎక్కడిదాకా ఉన్నాయో చెప్పి, మూత తీసి చూడండి. 1761లో ఈ పద్ధతిని పుస్తకంగా తెచ్చిన డాక్టరు ఆవెన్‌బ్రుగ్గర్‌కు కూడా సత్రం నడిపే తండ్రి పీపాలు తట్టి చూడటం నుంచే ఆలోచన వచ్చిందంటారు.

లివర్‌ని పక్కటెముకల కింద వెతకడం మొదలుపెట్టడం అందరూ చేసే తప్పు. బాగా పెరిగిన లివర్ అయితే అప్పటికే మీ చెయ్యి దానిమీదే ఉంటుంది, అంచు దొరకదు. కుడివైపు పొత్తికడుపు నుంచి మొదలుపెట్టి, ఊపిరి పీల్చినప్పుడల్లా వేళ్లు ఆనించి ఉంచుతూ, వదిలినప్పుడు కాస్త పైకి జరగాలి. స్ప్లీన్‌కూ (ప్లీహం) అక్కడి నుంచే బయలుదేరి ఐమూలగా ఎడమ పక్కటెముకల వైపు పోవాలి. స్ప్లీన్ మామూలు సైజుకి రెండు మూడింతలు పెరిగితే తప్ప చేతికి తగలదు కాబట్టి ఇంట్లో దొరకలేదని కంగారు వద్దు. పొట్ట నొక్కేటప్పుడు మీ కళ్లు పేషెంటు ముఖం మీద ఉండాలి. పొట్టనే చూస్తూ నొక్కితే ఎగ్జామినర్ పెన్ను ఆగిపోతుంది.

బీపీ చూడటం అందరికీ వచ్చనుకుంటారు, ఎక్కువ తప్పులు జరిగేదీ అక్కడే. ఐదు నిమిషాలు కూర్చోబెట్టాలి, వీపుకు ఆనుడు ఉండాలి, పాదాలు నేలమీద ఉండాలి, చెయ్యి గుండె ఎత్తులో ఉండాలి. లోపలి రబ్బరు సంచి జబ్బ చుట్టుకొలతలో 80 శాతం చుట్టాలి. లావు జబ్బకు చిన్న కఫ్ కడితే లేని బీపీ కనిపిస్తుంది. ముందు నాడి పట్టుకుని గాలి కొట్టండి. నాడి పోయిన అంకె చూసుకుని, గాలి వదిలేసి, రెండోసారి దానికి 30 పైదాకా కొట్టి, సెకనుకు 2 చొప్పున దించండి. నాడి పట్టకుండా నేరుగా స్టెత్ పెడితే కొందరిలో శబ్దం నడుమ ఆగి మళ్లీ మొదలవుతుంది, రెండో మొదలునే సిస్టాలిక్, అంటే బీపీలో పై అంకె, అనుకుంటారు.

రష్యా పద్ధతి నడిచే కాలేజీల వాళ్లు ఇంకో సంగతి పట్టించుకోవాలి. మన సీనియర్ల నోట్సులో ఉండనివి అక్కడ అడుగుతారు. గుండె అంచులను పర్కషన్‌తో గుర్తించి చూపించమంటారు. కుడి అంచు నాలుగో పక్కటెముకల సందులో, రొమ్ము ఎముక కుడి అంచుకు 1 సెం.మీ. బయట. ఎడమ అంచు ఐదో సందులో, మిడ్‌క్లావిక్యులర్ గీతకు (కాలర్ ఎముక నడుమ నుంచి కిందికి దిగే గీత) 1 నుంచి 1.5 సెం.మీ. లోపల. లివర్‌కు కుర్లోవ్ కొలతలు, అంటే తట్టి గుర్తించే మూడు కొలతలు, 9, 8, 7 సెం.మీ. ఇవి నోటికి రావడం కాదు, టేపు పెట్టి తమ్ముడి ఒంటిమీద కొలవడం రావాలి. ‘గ్ద్యే బలీత్?’ అంటే ఎక్కడ నొప్పి. ‘దిషీత్యే’ ఊపిరి తీసుకోండి, ‘నె దిషీత్యే’ ఊపిరి ఆపండి. ఇలాంటి ముప్పై మాటలు గడగడా వస్తే వార్డులో సగం భయం పోతుంది.

హిస్టరీ, అంటే పేషెంటుని అడిగి జబ్బు కథ రాబట్టడం, ఇంట్లో తెలుగులోనే సాధన చేయండి. తెలుగులో ఎందుకంటే, అడగడంలో క్రమం ఏ భాషలోనైనా ఒక్కటే, అది సొంత భాషలోనే గట్టిపడుతుంది. ‘ఏమైందో మొదట్నించీ చెప్పు పెద్దాయనా’ అని ఒక నిమిషం నోరు మూసుకుని వినండి. మనవాళ్లు చెప్పే మాటకు లోపలి అర్థం తవ్వాలి. ‘గుండెల్లో గ్యాస్ పట్టేసిందబ్బయ్యా’ అంటే అరుగుదల మాటకు వెళ్లకుండా, నడిస్తే వస్తుందా, చెమట పోసిందా, ఎడమ చేతికి గానీ దవడకు గానీ పాకిందా అని అడగాలి. ‘తల తిరుగుతుండాది’ అంటే చుట్టూ గిర్రున తిరిగినట్టా, కళ్లకు చీకట్లు కమ్మినట్టా? రెండూ వేర్వేరు దారులు. ‘నరాల వీక్‌నెస్’ అన్నప్పుడు తిమ్మిరా, పట్టు తప్పిందా, ఉట్టి నిస్సత్తువా తేల్చుకోవాలి.

వృత్తి గురించి ‘కూలి పని’ అని రాసి వదిలేయొద్దు. మన జిల్లాల్లో జబ్బు సగం అక్కడే ఉంటుంది. చీమకుర్తి గ్రానైట్, మార్కాపురం పలకలు, గూడూరు, సైదాపురం అభ్రకం గనులు అంటే దుమ్ము ఊపిరి, సిలికోసిస్ గుర్తుకు రావాలి. ఎన్నేళ్లు చేశాడు, ముక్కుకు గుడ్డ కట్టుకున్నాడా అని అడగాలి. కనిగిరి వైపు పెద్దావిడ నడుము వంగడం లేదంటే ఏ బోరు నీళ్లు తాగిందో అడిగి, మూడు పనులు చేయించండి: వంగి కాలివేళ్లు అందుకోవడం, గడ్డం ఛాతీకి ఆనించడం, చేతులు తల వెనక్కి పెట్టడం. ఈ మూడూ కష్టమైతే, నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై వచ్చే ఫ్లోరోసిస్ గురించి ఆలోచించాలి. కిర్గిజ్‌స్తాన్ రాజధాని బిష్కెక్‌లో ఈ కేసు రాదు, నిజమే. కానీ తిరిగొచ్చి ఇక్కడ ఇంటర్న్‌షిప్‌లో మొదటి వారమే రావచ్చు.

ఇవన్నీ వచ్చినా గడియారం దగ్గర ఓడిపోతారు. ఆస్కీలో, అంటే ఒక్కో చోట ఒక్కో పని చేయించి చూసే క్లినికల్ పరీక్షలో, స్టేషన్‌కు ఐదు నుంచి పది నిమిషాలే. ఫోన్‌లో ఎనిమిది నిమిషాలు పెట్టుకుని ఆరులో చూడటం, రెండులో చెప్పడం అలవాటు చేయండి. చెప్పేటప్పుడు మొదటి వాక్యంలోనే వయసు, పని, ముఖ్యమైన బాధ, ఎన్నాళ్లుగా అన్నవి పడాలి: ‘52 ఏళ్ల పొగాకు రైతు, రెండు వారాలుగా జ్వరం, నాలుగు రోజులుగా ఆయాసం.’ లేనివాటిలోనూ అవసరమైనవి చెప్పాలి. ఛాతీలో నొప్పి లేదు, కళ్లెలో రక్తం లేదు అన్నది కూడా సమాచారమే. గుండెలో అదనంగా వినిపించే మర్మర్ శబ్దం వింటున్నప్పుడు మెడ దగ్గర కెరోటిడ్ నాడి మీద వేలుంచండి. మణికట్టు నాడి కాస్త ఆలస్యంగా వస్తుంది, దాన్ని నమ్ముకుంటే ఆ శబ్దం గుండె ముడుచుకునేటప్పటిదో (సిస్టోల్) వదులయ్యేటప్పటిదో (డయాస్టోల్) తప్పిపోతారు.

సెలవుల్లో ఇక్కడి ఆసుపత్రిలో చూడాలనుంటే ముందే రాతపూర్వకంగా అనుమతి అడగండి, చెప్పకుండా వార్డులోకి వెళ్లొద్దు. అది చూసి నేర్చుకోవడానికి మాత్రమే. 2021 నవంబరు నిబంధనల ప్రకారం 54 నెలల చదువూ, 12 నెలల ఇంటర్న్‌షిప్పూ విదేశంలో అదే సంస్థలో పూర్తి కావాలి, ఇక్కడ గడిపిన రోజులు అందులో కలవవు.

తిరుగు ప్రయాణం పెట్టెలో స్టెత్, టార్చి, టేపు, రిఫ్లెక్స్ సుత్తి, 128 హెర్ట్‌జ్ ట్యూనింగ్ ఫోర్క్ పెట్టుకోండి. జనవరి పరీక్షకు మంచులోంచి వస్తారు కాబట్టి పేషెంటు దగ్గరకు పోయేముందు అరచేతులు బాగా రుద్దుకుని, స్టెత్ బిళ్లను గుప్పిట్లో పట్టుకుని వెచ్చబెట్టండి. చల్లటి చెయ్యి తగిలితే పొట్ట కండరాలు బిగుసుకుపోతాయి, ఉన్న లివర్ కూడా దొరకదు.