స్కార్పెత్తా
ఇటలీలోని బొలోన్యాలో మా ఇంటి ఓనరమ్మ ఆదివారం భోజనానికి పిలిచింది. "బువోన్ అపెతీతో", అంటే హాయిగా తినండి అనుకుని అందరం మొదలుపెట్టాం, తాల్యతెల్లె అనే రిబ్బన్లలాంటి పాస్తా మీద రాగు అనే మాంసం సాస్, పొద్దున్నుంచీ సన్న సెగ మీద ఉడికిందట, ఆ వాసనకే నోరూరిపోయింది. దానికీ ఇటాలియన్‌లో ఓ మాటుంది, "అక్వొలీనా ఇన్ బొక్కా", అచ్చంగా నోట్లో నీళ్లూరడమే! పళ్లెంలో మిగిలిన సాస్ ఏం చేయాలో తెలియక ఆగిపోతే, ఆవిడ రొట్టె తుంచి నా చేతిలో పెట్టి "ఫాయ్ లా స్కార్పెత్తా" అంది. స్కార్పెత్తా అంటే చిన్న బూటు. రొట్టె ముక్కతో పళ్లెం తుడుచుకుని తినడాన్ని అలా అంటారు. పదిమందిలో అది మర్యాద కాదనేవాళ్లూ ఉన్నారు గానీ, వండినవాళ్లకి అంతకన్నా సంతోషం ఏముంటుంది? కూర మూకుడులోనే అన్నం కలిపి ముద్దలు పెట్టే అమ్మమ్మ గుర్తొచ్చి కళ్లు చెమర్చాయి. రెండో ముక్క నేనే అడిగి తీసుకున్నాను.