పాత డీజిల్ బండి, సన్నని గాలిగొట్టం

మా నాన్నగారు 1980ల చివర్లో కొన్న చిన్న డీజిల్ లారీ ఇప్పటికీ పని చేస్తోంది. నెలకు నాలుగైదుసార్లు భీమిలి దగ్గరి తోట నుంచి కొబ్బరికాయలను విశాఖలోని పూర్ణా మార్కెట్‌కు చేరవేస్తుంది. కిందటి వేసవిలో అది స్లోలో నిలకడగా ఆడడం మానేసింది. ఇంజిన్ చప్పుడు ఒకసారి ఆగిపోతుందేమో అన్నంతగా పడిపోయేది, మరుక్షణమే ఎగసేది. యాక్సిలరేటరు మీద నుంచి కాలు తీసినా వేగం వెంటనే దిగేది కాదు. హనుమంతవాక ఎత్తు ఎక్కుతున్నప్పుడు వెనుక వచ్చే స్కూటర్లు అద్దంలో కనిపించనంత నల్లటి పొగ వదిలేది.

సహజంగానే పొల్యూషన్ పరీక్షలో తప్పింది. బీఎస్-4 అనే ఉద్గార ప్రమాణానికి ముందటి డీజిల్ బండికి పొగ సాంద్రత, ఒక మీటరు పొడవుకు లెక్కించే కొలతలో, 2.45 దాటకూడదు, మా బండి 4కు పైగా చూపింది. ఈ పరీక్షలో, వేడెక్కిన ఇంజిన్‌ను గేరు లేకుండా ఒక్కసారిగా పూర్తిగా రేస్ చేసి, గవర్నర్ (ఇంజిన్ వేగాన్ని అదుపులో ఉంచే భాగం) అడ్డుకునే వేగం వరకు పోనిచ్చి, ఆ పొగను కొలుస్తారు. అలా కొన్నిసార్లు చేసి సగటు తీస్తారు. గవర్నర్ సరిగా లేని బండికి ఇందులో దాక్కునే చోటు లేదు.

నల్లపొగ అంటే గాలికి మించిన డీజిల్ అని అందరికీ తెలుసు. అందుకే మొదట చూపించిన షాపులో ఇంజిన్‌లోకి డీజిల్‌ను చిమ్మే నాలుగు నాజిళ్లు మార్చారు. పొగ తగ్గలేదు. తర్వాత ఆ నాజిళ్లకు డీజిల్‌ను కొలిచి పంపే మైకో పంపును దించి, బెంచి మీద క్యాలిబ్రేషన్ చేయించి, అంతా సవ్యంగా ఉందన్న కాగితంతో తిరిగి బిగించారు. బండి మళ్లీ అలాగే ఊగింది. ఖర్చు కన్నా, కారణం తెలియకపోవడమే నన్ను ఎక్కువ బాధించింది.

చివరకు గాజువాక ఆటోనగర్‌లో ఒక పెద్ద పంపు మేస్త్రిగారు బండి చుట్టూ ఒకసారి తిరిగి, బానెట్ ఎత్తకముందే నన్ను ఒక ప్రశ్న అడిగారు: "బాబూ, పొగ సగం తొక్కినప్పుడు ఎక్కువా, పూర్తిగా తొక్కినప్పుడు ఎక్కువా?" సగం తొక్కినప్పుడే ఎక్కువని నేను చెప్పగానే, "అయితే నాజిళ్ల జోలికి పోనక్కర్లేదు" అన్నారు. అంతకుముందు నన్ను ఎవరూ ఈ ప్రశ్న అడగలేదు.

ఆ ప్రశ్న విలువ తెలియాలంటే ఈ పంపు పనితీరు తెలియాలి. సాధారణంగా డీజిల్ ఇంజిన్‌లో గాలిని అడ్డుకునే రెక్క ఉండదు, కాబట్టి వాక్యూమ్, అంటే గాలి పీల్పు, లీకవడం పెట్రోలు బండ్ల జబ్బు అనుకుంటాం. కానీ గాలితో నడిచే గవర్నర్ ఉన్న పాత పంపుల సంగతి వేరు. వాటిలో యాక్సిలరేటరు పంపును నేరుగా కదపదు. ఇంజిన్‌లోకి గాలి వెళ్లే గొట్టం (మ్యానిఫోల్డ్) మూతి దగ్గర ఇరుకైన దారిలో ఉండే రెక్కను తిప్పుతుంది. అక్కడ పుట్టే పీల్పును ఒక సన్నని గొట్టం పంపు వెనుక ఉన్న డయాఫ్రం (సాగే పొర) గదికి చేరవేస్తుంది. డయాఫ్రం వెనుక ఉన్న స్ప్రింగు, డీజిల్ మోతాదును మార్చే ర్యాక్ అనే కడ్డీని ఎప్పుడూ ఎక్కువ డీజిల్ వైపు తోస్తుంటే, ఆ పీల్పు దాన్ని తక్కువ వైపు లాగి ఉంచుతుంది. గొట్టంలో ఎక్కడైనా బయటి గాలి చొరబడితే పీల్పు బలహీనపడి, స్ప్రింగుదే పైచేయి అవుతుంది. రెక్క సగమే తెరిచి ఉన్నప్పుడు గాలి పరిమితంగా, డీజిల్ మాత్రం దండిగా అందుతుంది. అందుకే సగం తొక్కుడులో పొగ ఎక్కువ. పూర్తిగా తొక్కితే గాలి దారి తెరుచుకుంటుంది, ర్యాక్ ఎలాగూ తన చివరి హద్దులోనే ఉంటుంది, కనుక లీకు ప్రభావం అప్పుడు తక్కువ.

మేస్త్రిగారు ముందు పంపు వైపు చూశారు. ఇంజిన్ ఆపి, గొట్టం విప్పి, స్టాప్ లివరును ఆపే వైపుకు లాగి పట్టుకుని, డయాఫ్రం గది మూతిని బొటనవేలితో గట్టిగా మూసి, లివరును వదిలారు. అది వెంటనే ఎగిరి వెనక్కి రాలేదు, చాలా నెమ్మదిగా కదిలింది. అంటే మూసిన గదిలోకి గాలి చొరబడడం లేదు, లోపలి తోలు డయాఫ్రం చిరగలేదు. ఇక మిగిలింది గొట్టమే. ఒక కొసను మూసి, రెండో కొసకు చేతితో ఆడించే వాక్యూమ్ పంపు తగిలిస్తే మీటరు ముల్లు ఒక్క క్షణం కూడా నిలవలేదు. గొట్టాన్ని ఇంజిన్‌కు బిగించే క్లిప్పు కింద రబ్బరు ఊడిపోయి, ఇనుము ఇనుముతో ఒరిసి, దానికి తోడు సముద్రపు ఉప్పుగాలికి తుప్పు పట్టి, గుండుసూది మొన అంత రంధ్రం పడింది. క్లిప్పు కప్పేయడం వల్ల అది కంటికి కనిపించలేదు. బెంచి మీద పంపును దుకాణం సొంత గొట్టంతోనే పరీక్షిస్తారు, మా గొట్టం బండి మీదే ఉండిపోయింది. అందుకే ఆ కాగితం అబద్ధం కాకపోయినా మాకు ఉపయోగపడలేదు.

ఈ వెతుకులాటలో రెండు జాగ్రత్తలు తప్పనిసరి. పెట్రోలు ఇంజిన్‌లో లీకు కోసం జాయింట్ల మీద కార్బురేటర్ క్లీనర్ చల్లినట్టు డీజిల్ ఇంజిన్ మీద చల్లకూడదు. పీల్చుకున్న ఆ ద్రవం పంపు లెక్కకు అందకుండా మండి, ఇంజిన్ చేయి దాటిపోవచ్చు. ఆ గొట్టం విప్పేసి ఉండగా స్టార్ట్ చేయడం అంతకన్నా ప్రమాదం, ఎందుకంటే ర్యాక్ నేరుగా పూర్తి డీజిల్‌కు పోతుంది. రెండో జాగ్రత్త మేస్త్రిగారు కుర్రవాళ్లకు రెండుసార్లు చెప్పగా విన్నాను.

కొత్త గొట్టం, రెండు రాగి వాషర్లు, రబ్బరు పొదిగిన క్లిప్పు వేశాక బండి స్లోలో గడియారంలా ఆడింది, పరీక్షలో 1.9 వచ్చింది. విశాఖ 2019లో మొదలైన జాతీయ స్వచ్ఛ గాలి కార్యక్రమం జాబితాలో ఉన్న నగరం. కొండల నడుమ ఉన్న ఈ గిన్నెలో వదిలిన పొగ తొందరగా బయటకు పోదు. మా బండి వెనుక స్కూటరు మీద పిల్లలను బడికి దింపుకుంటూ వెళ్లే తల్లిదండ్రులకు నేను బాకీ పడ్డానని ఆ నెలలన్నీ అనిపించింది. ఇప్పుడు ఆయిల్ మార్చే ప్రతిసారీ ఆ క్లిప్పు విప్పి, దాని కింద గొట్టాన్ని వేలితో తడిమి చూసి, మళ్లీ బిగిస్తున్నాను.