సగం రొట్టె

ఆదివారం, రాత్రి పదకొండు దాటింది.

పొద్దున లేచేసరికి కళ్ళు మండుతున్నాయి. నిన్న రాత్రి పాప నిద్రపోయాక ‘పాన్స్ లాబ్రింత్’ పెట్టుకుని కూర్చున్నాను. చూడటం ఇది మూడోసారి. కాసేపు చూసి పడుకుందామనుకున్నాను గానీ ఆపలేకపోయాను. పొద్దున వంటింట్లోకి వెళితే ఇడ్లీ పిండి పొంగి గిన్నె అంచు దాటి గట్టు మీదికి కారి ఉంది. దాన్ని తుడుస్తున్నంతసేపూ కళ్ళ ముందు ఆ సినిమాలోని భోజనాల బల్లే కదులుతోంది.

పొడవాటి బల్ల. దాని నిండా మాంసం, ఎర్రెర్రని పళ్ళు, మిఠాయిలు. ఆ చివర కదలకుండా కూర్చున్న ఆకారం. ఒంటి మీద చర్మం వదులై వేలాడుతోంది. ముఖంలో కళ్ళు లేవు. కనుగుడ్లు రెండూ ఎదురుగా పళ్ళెంలో ఉన్నాయి. పైన బొమ్మల్లో అదే ఆకారం పిల్లల్ని చంపి తింటోంది. ఒక మూల పిల్లల బూట్లు గుట్టగా పోసి ఉన్నాయి. ‘అక్కడ ఏమీ ముట్టుకోవద్దు, తినవద్దు’ అని చెప్పి పంపారు కథలోని చిన్నపిల్ల ఒఫేలియాని. ఆమె ద్రాక్షపళ్ళు తింటుంది. రెండంటే రెండే. ఆమె వెనక ఆ చేతులు మెల్లగా కదులుతాయి, కనుగుడ్లు తీసి అరచేతుల్లో అమర్చుకుంటాయి. ఆ అరచేతులను ముఖానికి ఆనించుకుని వాడు చూస్తాడు. డగ్ జోన్స్ అనే నటుడు ఆ వేషం వేసుకుని ముక్కు రంధ్రాల్లోంచి చూస్తూ నడిచాడట. ఒఫేలియాకు ఈ పనులు అప్పగించే కొమ్ముల వనదేవుడిగా నటించిందీ ఆయనే.

మొదటిసారి చూసినప్పుడు నాకు ఆ పిల్ల మీద కోపం వచ్చింది. అంత చెప్పినా ఎందుకు తినాలి? అమ్మమ్మ చెప్పిన కథల్లోనూ ఇదే గొడవ. ‘మూడు దిక్కులకూ వెళ్ళు నాయనా, నాలుగో దిక్కుకు మాత్రం వెళ్ళకు’ అంటారు. రాజకుమారుడు సరిగ్గా అటే వెళతాడు. వెళ్ళకపోతే కథే లేదు. ద్రాక్షపళ్ళను కూడా అలాగే సరిపెట్టుకున్నాను.

నిన్న మాత్రం వేరేగా కనిపించింది. కొత్త బట్టలు బురద చేసుకున్నందుకు రాత్రి భోజనం లేకుండా పడుకోమని అమ్మ శిక్ష వేసిన పిల్ల ఒఫేలియా. కథ జరిగేది 1944లో, స్పెయిన్‌లో. అంతర్యుద్ధం 1939లో ముగిసి సైనిక నియంత ఫ్రాంకో గెలిచాడు. ఊళ్ళకు ఊళ్ళు ఆకలితో మాడుతున్నాయి. అక్కడ రేషన్ కార్డులు 1952 దాకా సాగాయి. సినిమాలో జనం వరసలో నిలబడి ఉంటే సైనికులు రొట్టెలు పంచుతూ ‘ఫ్రాంకో స్పెయిన్‌లో రొట్టె లేని ఇల్లు లేదు’ అన్న అర్థం వచ్చే మాటలు చెబుతుంటారు. తిండి సరుకుల కొట్టుకు తాళం, ఆ తాళంచెవి కెప్టెన్ విదాల్ దగ్గర. అతడు ఒఫేలియాకు సవతి తండ్రి. కొండల్లోని తిరుగుబాటుదారులకు తిండి చేరకూడదని రేషన్ ఇంకా తగ్గిస్తాడు. ఆ మాట అనేది ఎక్కడ? ఊరి పెద్దలను పిలిచి ఇచ్చిన విందులో, నిండిన బల్ల ముందు కూర్చుని. అప్పుడు గుర్తుపట్టాను. కళ్ళు లేని వాడు కూర్చున్నదీ ఇలాగే, బల్ల ఆ కొసనే. రెండు బల్లలూ ఒకటే! ఇది మూడోసారికి గానీ నాకు తట్టలేదు. తట్టిన క్షణాన సినిమా ఆపి చీకట్లో కాసేపు అలాగే కూర్చున్నాను.

గియ్యెర్మో దెల్ తోరో ఈ సినిమా తీసింది 2006లో. ఆయన మెక్సికోలో పుట్టినవాడు. ఫ్రాంకో గెలిచాక స్పెయిన్ వదిలి వచ్చిన వేలమందికి చోటిచ్చిన దేశం అది. దీన్ని ‘పెద్దల కోసం తీసిన పిల్లల కథ’ అంటుంటారు. ఆ మాట నాకు నచ్చదు. పిల్లల కథకు రక్తం పూసి పెద్దలకు అమ్మినట్టు వినిపిస్తుంది. అలా తీసిన సినిమాలు చాలా ఉన్నాయి, చూశాను, మర్నాటికి ఒక్కటీ గుర్తు లేదు. ఇలాంటి జానపద కథలు మొదట పిల్లల సొత్తు కానే కావు. పగలంతా పని చేసి అలిసిన పెద్దవాళ్ళు రాత్రి కూర్చుని చెప్పుకున్నవి. పిల్లలు పక్కన కూర్చుని విన్నారు, అంతే.

జర్మనీలో జానపద కథలు సేకరించిన గ్రిమ్ సోదరులు 1812లో వేసిన మొదటి సంపుటంలో ఒక్క బొమ్మ లేదు. కథల వెనక పండితుల కోసం రాసిన వివరణలు ఉన్నాయి. పశువును కోయడం చూసిన పిల్లలు అదే ఆట ఆడుకుని ఒకడి గొంతు కోసిన కథ అందులో ఉంది. రెండో ముద్రణలో దాన్ని తీసేశారు. నన్ను ఎక్కువగా పట్టుకున్న మార్పు ఇంకొకటి. మొదటి ముద్రణలో రాజకుమారి స్నో వైట్‌ను చంపమన్నది కన్నతల్లే. 1819కి ఆమె సవతి తల్లి అయింది. మిఠాయిల ఇంటి కథలో, ఇంట్లో తిండి లేక, హాన్సెల్, గ్రెటెల్ అనే పిల్లలను అడవిలో వదిలేద్దామన్నది కూడా కన్నతల్లే. ఆమె 1840 ముద్రణకు గానీ సవతి తల్లిగా మారలేదు. అమ్మ అలా చేయడాన్ని చదివేవాళ్ళు భరించలేరని విల్హెల్మ్ గ్రిమ్‌కు అనిపించి ఉండాలి. దాంతో తప్పంతా సవతి తల్లి మీదికి పోయింది, ఆకలి వెనక్కి జరిగిపోయింది. దెల్ తోరో ఆ ఆకలిని మళ్ళీ ముందుకు లాక్కొచ్చాడు. నాకు ఈ సినిమా మీద ఇంత ప్రేమ అందుకే.

పాపకు ఇది ఎప్పుడు చూపిస్తానా అని మధ్యాహ్నం బట్టలు మడతపెడుతూ ఆలోచించాను. ఇప్పుడు దానికి ఎనిమిదేళ్ళు. అరచేతుల్లో కళ్ళున్న వాడికి అది భయపడుతుంది, దుప్పటి కప్పుకుంటుంది, మర్నాడు కాగితం మీద వాడి బొమ్మ గీస్తుంది. దానికి నాకు దిగులు లేదు. కుందేళ్ళ వేటకు వచ్చామన్న తండ్రీకొడుకులను విదాల్ నిలబెట్టి, కొడుకు ముఖాన్ని సీసాతో చితకబాదే దృశ్యం ఒకటుంది. ఇద్దరినీ చంపాక వాళ్ళ సంచిలో నిజంగానే కుందేలు దొరుకుతుంది. అతని ముఖంలో ఏ మార్పూ ఉండదు. సోదా సరిగ్గా చేయనందుకు తన మనుషులను మందలిస్తాడు, అంతే. నేను మూడుసార్లూ చూపు తిప్పుకున్నది అక్కడే. పద్దెనిమిదేళ్ళు రానీ, దాని పక్కన కూర్చుని చూస్తాను.

రాత్రి దీపం ఆర్పాక అది మిఠాయిల ఇంటి కథ చెప్పమంది. బడి నుంచి తెచ్చుకున్న బొమ్మల పుస్తకంలో ఆ ఇల్లు రెండు పేజీల నిండా ఉంది. అడవి అంచున కట్టెలు కొట్టేవాడు, భార్య, ఇద్దరు పిల్లలు అని మొదలుపెట్టాను. ఒక్కో వాక్యానికీ అది ఊఁ కొడుతోంది. ‘ఆ ఏడు పంటలు లేవు. ఇంట్లో తిండి అయిపోయింది. పిల్లల్ని అడవిలో వదిలేద్దాం అంది ఆవిడ.’

‘సవతి తల్లి కదా’ అంది. పుస్తకంలో చదివేసింది.

జవాబు చెప్పడానికి నాకు కొంచెం సమయం పట్టింది. దాని చెయ్యి నా మెడ మీద ఉంది.

‘కాదు. వాళ్ళ అమ్మే.’

‘సొంత అమ్మా?’

‘సొంత అమ్మే.’

‘ఎందుకూ?’

‘తినడానికి ఏమీ లేక.’

‘అసలేమీ లేవా?’

‘సగం రొట్టె ఉంది.’

‘నలుగురికా?’

‘నలుగురికీ.’

ఊఁ వినిపించలేదు. చెయ్యి మాత్రం అలాగే ఉంది. ఫ్యాను తిరుగుతున్న చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. నిద్రపోయిందేమో అనుకుని మెల్లగా పక్కకు జరగబోయాను.

‘ఊఁ’ అంది చీకట్లో.

తండ్రి గొడ్డలి భుజాన వేసుకున్నాడు. పిల్లలకు చెరొక చిన్న రొట్టె ముక్క ఇచ్చారు. నలుగురూ అడవి దారి పట్టారు.