కళ్లద్దాలు తీయని ఆలిస్ నీల్

వాషింగ్టన్‌లో మిగతా రోజులన్నీ అందరూ తిరిగే చోట్లే గడిచిపోయాయి. రాయాలనిపించింది మాత్రం నేషనల్ పోర్ట్రెయిట్ గ్యాలరీలో చూసిన ఒక్క బొమ్మ గురించే: అమెరికన్ చిత్రకారిణి ఆలిస్ నీల్ తనను తాను వేసుకున్న బొమ్మ.

మెట్రో రెడ్ లైన్‌లో గ్యాలరీ ప్లేస్ దగ్గర దిగితే ఎదురుగానే ఆ భవనం. తలుపులు 11:30కి తెరుస్తారు. తెరవగానే జనమంతా అమెరికా అధ్యక్షుల బొమ్మలున్న గదుల వైపు నడిచారు. కెహిండే వైలీ వేసిన ఒబామా బొమ్మను ఫోన్ల సందుల్లోంచి చూడాల్సి వచ్చింది. మంచి బొమ్మే. పచ్చని ఆకుల మధ్య కుర్చీలో ముందుకు వంగి, చేతులు కట్టుకుని కూర్చున్నారు. కానీ ఆ గదుల్లో ఎవరిని చూసినా, లోకానికి ఎలా కనబడాలో ముందే తేల్చుకుని వచ్చి కూర్చున్నట్టే ఉంది. కాసేపటికి విసుగొచ్చి బయటపడ్డాను.

ఆలిస్ నీల్ స్వీయచిత్రం దగ్గర తోపులాట లేదు. 1975లో మొదలుపెట్టి, పక్కన పడేసి, 1980లో ఎనభై ఏళ్ల వయసులో పూర్తిచేసింది. నీలం చారల కుర్చీలో ఒంటిమీద నూలుపోగు లేకుండా కూర్చుంది. ఒక చేతిలో కుంచె, ఇంకో చేతిలో గుడ్డ. తెల్లజుట్టు, జారిన రొమ్ములు, ముందుకొచ్చిన పొట్ట. వేటినీ సర్దలేదు.

చేతికర్రతో వచ్చిన ఒక పెద్దావిడ నా పక్కన నిలబడి చాలాసేపు చూసింది. తర్వాత కర్ర కాస్త ఎత్తి, "ఆ కాలి బొటనవేలు చూశావా? అది టెన్షన్" అంది. అప్పటిదాకా నేను ముఖమే చూస్తున్నాను. నిజమే, బొటనవేలు పైకి లేచి ఉంది. ముఖం ఎంత నిబ్బరంగా ఉన్నా కాలు మాట వినలేదు. బుగ్గలు కూడా కందిపోయి ఉన్నాయి. ఆ బొమ్మ వేయడం అంత కష్టమైంది కాబట్టే అవి అలా ఎర్రబడ్డాయని నీల్ స్వయంగా చెప్పింది.

చెప్పుకుంటే ఆమె జీవితం చిన్న దుఃఖం కాదు. పసిబిడ్డను డిఫ్తీరియాకు పోగొట్టుకుంది. రెండో కూతురు కూడా దూరమయ్యాక మనసు చెదిరి ఆసుపత్రి పాలైంది. ఆ కథ తెలియకపోయినా ఈ బొమ్మ ముందు నిలబడవచ్చు. ఎందుకంటే జాలి అడగడం ఇందులో ఎక్కడా లేదు.

నాకు వెంటనే 1970లో ఆమె వేసిన పాప్ ఆర్ట్ చిత్రకారుడు ఆండీ వార్హోల్ బొమ్మ గుర్తొచ్చింది. 1968లో తుపాకి కాల్పుల్లో చావు తప్పిన మనిషి. చొక్కా విప్పి, నడుముకు పట్టీతో, పొట్టమీద శస్త్రచికిత్స గాట్లతో కూర్చుని కళ్లు మూసుకున్నాడు. అందరి కళ్లముందూ బతికిన మనిషి చూపు దాచుకుంటే తప్ప తన ఒంటిని చూపించలేకపోయాడేమో. పదేళ్ల తర్వాత తన వంతు వచ్చినప్పుడు నీల్ కళ్లు తెరిచే ఉంచింది. అన్నీ తీసేసిన మనిషి కళ్లద్దాలు మాత్రం తీయలేదు. అవి లేకపోతే పని సాగదు మరి. ఎదుటివాళ్లను ఎన్నో ఏళ్లు ఎంత నిక్కచ్చిగా చూసిందో, తననూ అంతే చూసుకుంది.

వార్హోల్ బొమ్మ న్యూయార్క్‌లో విట్నీ మ్యూజియం వాళ్లది. ఇవి ఎప్పుడూ గోడమీదే ఉంటాయనుకోకండి. బయలుదేరే ముందు ప్రదర్శనలో ఉన్నాయో లేదో కనుక్కుని వెళ్లండి. వాషింగ్టన్‌లో అయితే అధ్యక్షుల గదులను చివరికి పెట్టుకోండి.