కుక్కలంటే భయపడే ప్రెసిడెంటు

మా ప్రెసిడెంటు గారికి కుక్కలంటే భయం. మామూలు భయం కాదు. గేటు చప్పుడికి కుక్కలు మొరగడం మొదలెట్టగానే చేతిలో గొడుగు అడ్డం పెట్టుకుని, "పట్టుకోండయ్యా, పట్టుకోండి" అంటూ నాలుగు అంగల్లో ఆఫీసు గదిలోకి వెళ్లి తలుపేసుకుంటారు. మాది నూట పది కుక్కలున్న షెల్టరు. ఆవిడ ఎనిమిదేళ్లుగా దానికి ప్రెసిడెంటు.

కొత్తగా వచ్చే వాలంటీర్లు ఇది చూసి ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకుంటారు. నేనూ అలాగే చూశాను.

నేను ఇక్కడ కోశాధికారిని. బ్యాంకు మేనేజరుగా రిటైరై ఇంట్లో కూర్చుంటే మా ఆవిడ ఆరు నెలలు ఓపిక పట్టింది. తర్వాత, "నా వంటకు ఆడిట్ చేసే బదులు ఎక్కడన్నా పనికొచ్చే లెక్క చూడండి" అని తనకు తెలిసిన ఈ ప్రెసిడెంటు టీచరమ్మ గారి దగ్గరికి పంపింది. షెల్టరు విజయవాడ శివార్లలో, నున్న దాటాక మామిడి తోట పక్కన. అద్దె స్థలం, రేకుల షెడ్లు. మొదటి రోజు నా చేతికి ఒక బిస్కెట్ల అట్టపెట్టె ఇచ్చారు. అదే ట్రస్టు ఖాతా పుస్తకం. నూక బస్తాల బిల్లులు, చికెన్ షాపువాడు మెడలు, కాళ్లు తూచి చించిన కాగితంపై వేసిన లెక్కలు, మందుల షాపు రసీదులు. ఒక ఆటో అతను సిగరెట్ పెట్టె వెనక రాసిచ్చిన "కుక్క 1, పటమట టు నున్న, 250" కూడా అందులో ఉంది.

అవన్నీ తేదీల వారీగా పేర్చుతుంటే ఒక వారం బిల్లులు విడిగా కనబడ్డాయి. అంతకుముందు కొన్నేళ్ల నాటి వానాకాలానివి. సోమవారం రింగర్ లాక్టేట్ సెలైన్ సీసాలు పన్నెండు. మంగళవారం ఇరవై. బుధవారం మళ్లీ ఇరవై, సిరంజులు, వాంతుల ఇంజెక్షన్లు. శుక్రవారం ఆరు సీసాలే. శనివారం ఒక్కటే బిల్లు: సున్నం, రెండు బస్తాలు.

"ఇదేంటి మేడమ్?" అని అడిగాను.

"పార్వో" అన్నారు. అంతకన్నా చెప్పలేదు ఆ రోజు.

తర్వాత తెలిసింది. అప్పట్లో సెక్రటరీగా ఉన్న అబ్బాయి చాలా మంచివాడు. ఎవరు ఫోన్ చేసినా, ఎక్కడ కుక్కపిల్ల కనబడినా తెచ్చేసేవాడు. కాదనలేడు. వానలో తడిసిన ఒక పిల్లను తెచ్చి, జాలేసి నేరుగా మిగతా పిల్లల గదిలోనే పడుకోబెట్టాడు. దానికి పార్వో ఉంది, కుక్కపిల్లల్ని చంపే అంటురోగం. ఆ గదిలో పిల్లలేవీ మిగల్లేదు. ఆ వైరస్ మట్టిలో నెలల తరబడి బతికే ఉంటుంది, మామూలుగా కడిగితే పోదు, బ్లీచింగ్ కొట్టాలి. ఆ అబ్బాయి ఆ నెలలోనే మానేశాడు. కుక్కలంటే ప్రాణం పెట్టే మనిషి ఇప్పుడు ఈ రోడ్డు వైపే రాడు. కుక్కలంటే వణికిపోయే మనిషి మాత్రం ఆదివారాలు కూడా వస్తారు.

ఆవిడ వచ్చి చేసిన మొదటి పని గేటు పక్కన ఒక గది కట్టించడం. బయటి నుంచి ఏ కుక్క వచ్చినా పదిహేను రోజులు అందులోనే. దాని గిన్నె వేరు, చీపురు వేరు, అందులోకి వెళ్లే మనిషి చెప్పులు కూడా వేరు. రెండో పని, ఫోన్ తన దగ్గర పెట్టుకోవడం. రోజుకు పాతిక ముప్ఫై కాల్స్. సగం దెబ్బలు తగిలిన కుక్కల గురించి. మిగతా సగం, "మేం ఇల్లు మారుతున్నామండీ, మా లాబ్రడార్‌ని మీ దగ్గర ఉంచుకోండి" అనేవాళ్లు. "ఖాళీ లేదమ్మా" అంటారు. హైస్కూలు హెడ్‌మిస్ట్రెస్‌గా చేసిన గొంతు అది. అవతలివాళ్లు ఏడ్చినా, తిట్టినా అదే స్థాయిలో ఉంటుంది. పెట్టేశాక మాత్రం ఫోన్‌ను బోర్లించి రెండు నిమిషాలు కిటికీలోంచి మామిడి చెట్ల వైపు చూస్తారు. అప్పుడు నేను బిల్లులేమీ అడగను.

భయం సంగతి ఆవిడే చెప్పారు, ఒక మార్చి నెలాఖరున నూకల లెక్క తేలక ఇద్దరం చీకటి పడేదాకా కూర్చున్నప్పుడు. తొమ్మిదేళ్ల వయసులో తెనాలిలో పిచ్చికుక్క కరిచిందట. ఆ రోజుల్లో బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు, రోజుకొకటి. గొర్రె మెదడు నుంచి తయారుచేసిన మందు. మన దేశంలో ఆ రకం మందు ఆపేసి ఇరవై ఏళ్లు దాటింది. ఇప్పుడు సర్కారు ఆసుపత్రిలో చేతికి చర్మంలోకి వేస్తారు, కరిచిన రోజు, మూడో రోజు, ఏడో రోజు, ఇరవై ఎనిమిదో రోజు. అంతే. పక్కింటి పిల్లాణ్ని కూడా అదే కుక్క కరిచిందట. వాళ్లింట్లో పసరు పోయించారు.

"వాడు నీళ్ల గ్లాసు చూసి అరిచిన అరుపు నాకు ఇప్పటికీ వినబడుతుంది మేనేజరు గారూ. నాకు కుక్కల మీద ప్రేమేం లేదు. పిచ్చికుక్క లేని ఊరు కావాలి నాకు. దానికి ఇంకో దారి లేదు కాబట్టి ఇక్కడున్నాను."

ఇంకో దారి లేదని ఆవిడ అనడం వెనక పెద్ద కథే ఉంది. మద్రాసులో బ్లూ క్రాస్ అనే జంతు సంరక్షణ సంస్థ పెట్టింది కెప్టెన్ సుందరం అనే పైలట్, 1959లో. ఆయన భార్య ఉష కూడా పైలటే. వానకు మునిగిన టీ.నగర్ వీధిలో కొట్టుకుంటున్న రెండు కుక్కపిల్లల్ని ఇంటికి తెచ్చుకోవడంతో అది మొదలైందంటారు. వాళ్లబ్బాయి చిన్నికృష్ణ ఇంజినీరు. జాలి సంగతి పక్కన పెట్టి ఆయన లెక్క వేశాడు. మద్రాసు కార్పొరేషన్ వంద ఏళ్లుగా వీధికుక్కల్ని పట్టి చంపుతోంది, అయినా కుక్కలూ తగ్గలేదు, రేబిస్సూ తగ్గలేదు. ఒక వీధిలో కుక్కల్ని ఖాళీ చేస్తే అక్కడి చెత్తకుప్ప ఖాళీ కాదు కదా, పక్క వీధి నుంచి కొత్తవి వస్తాయి, వాటికి టీకా ఉండదు. అందుకే పట్టి, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి, రేబిస్ టీకా వేసి, తెచ్చిన చోటే వదలమన్నాడు. 1964 నుంచి చెబితే కార్పొరేషన్ ఒప్పుకునేసరికి 1996 అయింది. దేశమంతటికీ రూల్స్ 2001లో వచ్చాయి. 2023లో వాటి స్థానంలో కొత్తవి వచ్చాయి. ముప్ఫై రెండేళ్లు ఒకే మాట ఒకే ఆఫీసులో చెప్పడం ఎలాంటి పనో బ్యాంకు యూనియన్‌లో తిరిగిన నాకు కొంచెం తెలుసు.

చెవి కొస కొంచెం కత్తిరించి ఉన్న వీధికుక్కను మీరు చూసే ఉంటారు. అది ఎవరో హింసించింది కాదు. దానికి ఆపరేషన్ అయిందని గుర్తు. మా దగ్గర ఆ చెవి చూసి, రిజిస్టరులో టీకా తేదీ చూసి, అప్పుడే తిరిగి వదిలే వ్యాన్ ఎక్కిస్తారు. ఆ రిజిస్టరు మేడమ్‌ది. పాత స్కూలు హాజరు పట్టీలాగే గళ్లు గీసుకున్నారు. నా క్యాష్ బుక్‌లో వంద రూపాయలు తేడా వస్తే సర్దుకుంటారేమో గానీ, అందులో ఒక గడి ఖాళీగా ఉంటే డాక్టరు గారిని కూడా నిలబెట్టి అడుగుతారు. ఇక్కడ పనిచేసే ప్రతివాళ్లూ ముందుగానే రేబిస్ టీకాలు వేయించుకోవాలి. నేనూ వేయించుకున్నాను, కుక్కను ముట్టుకునేది లేకపోయినా.

బుడమేరు వాగు పొంగి ఊరి మీదకు వచ్చినప్పుడు ఆవిడ ఏంటో పూర్తిగా చూశాను. 2024 సెప్టెంబరు 1. సింగ్‌నగర్, పాయకాపురం మునిగాయి. మా షెల్టరు మెరక మీద ఉంది, దానికేం కాలేదు, కానీ ఊళ్లోంచి అక్కడికి దారి లేదు. లోపల ఇద్దరు పనివాళ్లు, నూక వారానికి సరిపడా. ఫోన్ మాత్రం ఆగట్లేదు. డాబాల మీద కుక్కలు, కట్టుతాడుతో సహా మునిగిపోతున్న గేదెలు, పంజరంలో చిలకలు. మా కుర్రాళ్లు నలుగురు ట్రాక్టరు ట్యూబులు కట్టుకుని దిగుతామన్నారు.

"వద్దు" అన్నారు మేడమ్.

"మేడమ్, చచ్చిపోతాయి."

"చచ్చిపోతాయి. నువ్వు పోతే మీ అమ్మకు నేనేం చెప్పాలిరా? పడవలు మనుషులకే చాలట్లేదు. అడ్డం వెళ్లకండి."

ఒకడు ఆవిడ మొహం మీదే, "మీకు కుక్కలంటే అసహ్యం, అందుకే" అనేశాడు. ఆవిడ రిజిస్టరులో పేర్లు రాసుకుంటూనే ఉన్నారు. ఏ వీధి, ఎన్నో అంతస్తు, ఏ జంతువు, ఎవరి నంబరు. ప్రతివాళ్లకూ ఒకటే చెప్పారు: కట్టు విప్పేయండి, పైకి పంపండి, మంచినీళ్లు ఎత్తులో పెట్టండి. నీళ్లు మోకాళ్ల దాకా దిగాక ఆ పట్టీ ప్రకారమే వీధి వీధికీ వెళ్లాం. గన్నవరం వెటర్నరీ కాలేజీ పిల్లలు కొందరు వాళ్లంతట వాళ్లే వచ్చి కలిశారు. పట్టీలో కొన్ని పేర్ల పక్కన అడ్డగీత పడింది. ఎన్నని ఇక్కడ రాయను. ఆ మాట అన్న కుర్రాడే ఇప్పుడు మా సెక్రటరీ. ఆయనే అన్నాడు మొన్న, "అన్నా, ఖాళీ లేదని చెప్పడం నాకు ఇంకా రావట్లేదు" అని.

నాకు రిటైరయ్యాక చట్టాలు చదివే పిచ్చి పట్టింది. జంతువుల మీద క్రూరత్వ నివారణ చట్టం, 1960. దాని వెనకున్న మనిషి రుక్మిణీదేవి అరండేల్. మద్రాసులో కళాక్షేత్ర నాట్య పాఠశాల పెట్టిన ఆవిడే. 1952లో రాజ్యసభకు నామినేట్ అయ్యాక సొంతంగా బిల్లు పెట్టారు. ప్రభుత్వమే తెస్తుందని నెహ్రూ మాటిచ్చాక వెనక్కి తీసుకున్నారు. 1962లో జంతు సంక్షేమ బోర్డు వస్తే మొదటి అధ్యక్షురాలు ఆవిడే. ఆ కళాక్షేత్రలోనే నాట్యం నేర్చుకున్న నటి అమల హైదరాబాదులో 1992లో బ్లూ క్రాస్ పెట్టారు. దీన్ని మా ఆవిడకు చెబితే, "అయితే మీ మేడమ్‌కి డ్యాన్స్ వచ్చా?" అంది. గొడుగుతో వేసే నాలుగు అంగలు తప్ప నేనేం చూడలేదన్నాను.

ఆ చట్టంలో జంతువును కొట్టి హింసించినవాడికి మొదటి తప్పుకు జరిమానా పది నుంచి యాభై రూపాయలు. ఇప్పటికీ అంతే. బందరు రోడ్డులో ప్లేటు పునుగుల ఖరీదు. స్టేషన్‌కు వెళ్లి కేసు పెట్టడానికి మా వాళ్లకయ్యే పెట్రోలు దానికంటే ఎక్కువ. జంతువును చంపినా, వికలం చేసినా భారతీయ న్యాయసంహిత 325వ సెక్షన్ కింద అయిదేళ్ల దాకా శిక్ష ఉంది కాబట్టి సరిపోయింది.

2025 ఆగస్టులో సుప్రీంకోర్టు ఢిల్లీ కుక్కలన్నిటినీ షెల్టర్లలో పెట్టమని 11న చెప్పింది. 22న మార్చి, టీకా వేసి ఉన్నచోటే వదలండి, పిచ్చివాటినీ కరిచేవాటినీ మాత్రం వద్దు అంది. ఆ పదకొండు రోజులూ మా ఫోన్‌కు రెండు రకాల తిట్లు వచ్చాయి. అప్పుడే ఒక అపార్ట్‌మెంటు వాళ్లు మీటింగుకు పిలిచారు. సెల్లారులో ప్లాస్టిక్ కుర్చీలు. ఒకామె ఏడేళ్ల పిల్లాణ్ని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది, వాడి పిక్క మీద కట్టు. "మీవల్లే ఇదంతా" అని మా మీదకు లేచింది. మా వాలంటీరు అమ్మాయి ఏదో చట్టం చెప్పబోయింది. మేడమ్ చెయ్యెత్తి ఆపారు. లేచి వెళ్లి ఆమె పక్క కుర్చీలో కూర్చున్నారు.

"సబ్బుతో కడిగారా?"

"కడిగామండీ."

"ఎంతసేపు?"

ఆమె నీళ్లు నమిలింది. పావుగంట ధారకింద కడగాలని చెప్పి, ఎన్నో డోసు అయిందని అడిగారు. రెండోది అయింది, మూడోది పండగలో పడి మర్చిపోయారు. మేడమ్ వాచీ చూసుకున్నారు. "మీటింగు తర్వాత. ముందు ఆసుపత్రికి పదండి" అని ఆ తల్లినీ పిల్లాణ్నీ మా ఆటోలోనే తీసుకెళ్లిపోయారు. మిగిలిన ముప్ఫై మందీ, మేమూ ఒకళ్లనొకళ్లు చూసుకుంటూ కూర్చున్నాం. ఎజెండాలో ఉన్న ఒక్క అంశమూ చర్చకు రాలేదు. ఆ వారం ఆ అపార్ట్‌మెంటు చుట్టూ ఉన్న తొమ్మిది కుక్కల్నీ మా వాళ్లు పట్టుకొస్తుంటే వాచ్‌మన్ తాడు పట్టాడు. కరిచింది ఏదో కూడా వాళ్లే చూపించారు. అది ఇప్పటికీ మా దగ్గరే, విడిగా ఉంది.

పోయిన ఆదివారం కమిటీ మీటింగు. ఎజెండాలో నా వంతు ఎప్పుడూ బోరే. రెండు వేలు దాటిన నగదు విరాళానికి దాతకు ఆదాయపు పన్ను మినహాయింపు రాదు, మే 31 లోగా దాతల పట్టీ ఆన్‌లైన్లో పెట్టాలి, ఇలాంటివి. అవి చదువుతుండగా మూడుకాళ్ల కుక్క ఒకటి, మేం చిట్టి అని పిలిచేది, తలుపు సందులోంచి దూరి నేరుగా మేడమ్ కుర్చీ కిందకెళ్లి పడుకుంది. ఆవిడ రెండు కాళ్లూ పైకెత్తి కుర్చీ అడ్డకర్ర మీద పెట్టుకున్నారు. చేతిలో పెన్ను వణికింది. సెక్రటరీ లేచాడు దాన్ని తీసుకెళ్లడానికి.

"కూర్చో. దాని కుట్లు నిన్నే విప్పారు, లేపకు" అన్నారు. "మేనేజరు గారూ, మీరు చదవండి. త్వరగా చదవండి."