ముడి చమురు రైలెందుకు ఎక్కింది: ఒక్క టాపిక్ మీద నా ప్రిపరేషన్ అనుభవం

జాగ్రఫీ పేపర్‌లో రవాణా చాప్టర్‌ని మొదటి ప్రయత్నంలో రెండు రోజుల్లో ముగించేశాను. ముడి చమురు గురించి నోట్స్‌లో ఒక్క పేజీ ఉండేది. పైప్‌లైన్‌కి నాలుగు లాభాలు, రెండు నష్టాలు. రైలుకి రెండు లాభాలు, నాలుగు నష్టాలు. ఒక టెస్ట్‌లో "ఉత్పత్తి ప్రాంతాల నుంచి మార్కెట్లకు ముడి చమురు రైలు రవాణాను చర్చించండి" అని అడిగితే ఆ పేజీనే దింపేసి వచ్చాను. 15కి 4 మార్కులు వచ్చాయి. పేపర్ దిద్దింది మాకంటే సీనియర్ అయిన ఒక అక్క. మార్జిన్‌లో ఎర్ర పెన్నుతో ఒకే ప్రశ్న రాసింది: "పైప్‌లైన్ అంత చవకైతే ఇన్ని రైళ్లు ఎందుకు నడిచాయి?"

నా దగ్గర జవాబు లేదు. రెండోసారి చదివినప్పుడు ఆ ప్రశ్ననే పట్టుకుని కూర్చున్నాను. ఈ టాపిక్ చదవబోయే మీకు నా మాట కూడా అదే. లాభనష్టాల పట్టికతో మొదలుపెట్టకండి, రైళ్లు నిజంగా నడిచిన చోటుకి వెళ్లండి.

ఆ చోటు అమెరికాలోని నార్త్ డకోటా. అక్కడి బకెన్ శిలల్లో చమురు ఉందని ఎప్పటినుంచో తెలుసు. అడ్డంగా తవ్వే డ్రిల్లింగ్, నీటి ఒత్తిడితో శిలల్ని పగలగొట్టే ఫ్రాకింగ్ కలిసొచ్చాక ఉత్పత్తి ఎగబాకి, 2014లో రోజుకి 10 లక్షల బ్యారెళ్లు దాటింది. అంత చమురుని బయటకి తీసుకెళ్లే పైప్‌లైన్లు అప్పటికి లేవు. కొత్త లైన్ వేయాలంటే భూమి కావాలి, అనుమతులు కావాలి, పది పదిహేనేళ్ల పాటు సరుకు పంపుతామని కంపెనీలు ముందే ఒప్పందం రాసివ్వాలి. పట్టాలు మాత్రం ఎప్పటినుంచో ఉన్నాయి. లోడింగ్ టెర్మినల్ కట్టుకుంటే చాలు, ఏడాది ఏడాదిన్నరలో పని మొదలవుతుంది. అమెరికా పెద్ద రైల్వేలు 2008లో సుమారు 9,500 వ్యాగన్ల ముడి చమురు ఎక్కించుకుంటే, 2014లో ఆ సంఖ్య 4.93 లక్షల దగ్గరికి చేరింది. ఈ రెండు అంకెలు తప్పకుండా గుర్తుపెట్టుకోండి. పక్కపక్కన రాస్తే కథ సగం అక్కడే అర్థమవుతుంది.

మిగతా సగం ధరల్లో ఉంది. నాకు ఈ టాపిక్ నిజంగా వంటబట్టింది ఇక్కడే. బయటకి పోయే దారి లేని చమురుకి బావి దగ్గర ధర పడిపోతుంది. అమెరికా లోపలి ధరకి కొలమానం డబ్ల్యూటీఐ, సముద్రం మీద తిరిగే చమురుకి బ్రెంట్. 2011 నుంచి 2013 మధ్య వీటి తేడా కొన్నిసార్లు బ్యారెల్‌కి 20 డాలర్లు దాటింది. తూర్పు తీరంలోని ఫిలడెల్ఫియా వైపు రిఫైనరీలు అప్పటిదాకా ఓడల్లో వచ్చే విదేశీ చమురుకి బ్రెంట్ లెక్కన చెల్లించేవి. రైలుకి బ్యారెల్‌కి 10 నుంచి 15 డాలర్లు, పైప్‌లైన్‌కి దాదాపు 5 అని అప్పట్లో అంచనా వేసేవారు. 15 పెట్టి తెచ్చుకున్నా 20 తగ్గితే రిఫైనరీకి 5 మిగులు. అంతే లెక్క. ధరల తేడా రవాణా ఖర్చుని మించినన్నాళ్లూ రైలు నడుస్తుంది, తగ్గిన రోజున వ్యాగన్లు యార్డుల్లో ఖాళీగా నిలబడతాయి. ఈ ఒక్క వాక్యం అర్థమయ్యాక నా పాత నోట్స్ పేజీ తీసి పక్కన పెట్టేశాను.

ఆ తర్వాత జరిగినవన్నీ ఈ లెక్కలోనే ఇమిడిపోతాయి. 2014 మధ్య నుంచి చమురు ధర కూలింది. 1975 నాటి ముడి చమురు ఎగుమతి నిషేధాన్ని 2015 డిసెంబర్‌లో ఎత్తేయడంతో రెండు ధరలూ దగ్గరయ్యాయి. 2017 జూన్‌లో నార్త్ డకోటా నుంచి ఇల్లినాయ్ దాకా డకోటా యాక్సెస్ పైప్‌లైన్ మొదలైంది. తూర్పుకి వెళ్లే రైళ్లు బాగా తగ్గిపోయాయి. అయితే పశ్చిమాన వాషింగ్టన్ రాష్ట్రంలోని రిఫైనరీలకు రైళ్లు వెళ్తూనే ఉన్నాయి, బకెన్ నుంచి కొండలు దాటి అక్కడికి పైప్‌లైన్ లేదు కాబట్టి. ఈ ఒక్క మినహాయింపు రాయడం వల్ల తర్వాతి టెస్ట్‌లో నాకు మార్కులు పెరిగాయని అక్క చెప్పింది.

రైలుని దగ్గరగా చూడటం కూడా అవసరం. నేను ఒక సాయంత్రమంతా ఒక్క ట్యాంకర్ వ్యాగన్ బొమ్మ ముందు పెట్టుకుని కూర్చున్నాను. పక్కన ఎర్రటి డైమండ్ బోర్డు, దాని మీద 1267 అనే నంబర్. ఐక్యరాజ్యసమితి ముడి చమురుకి ఇచ్చిన గుర్తింపు సంఖ్య అది. ప్రమాదం జరిగితే ఫైర్ సిబ్బంది మొదట వెతికేది దాన్నే. ఒక వ్యాగన్‌లో దాదాపు 700 బ్యారెళ్లు, బ్యారెల్‌కి సుమారు 159 లీటర్లు. వంద వ్యాగన్లు కలిపి, మధ్యలో ఎక్కడా విడదీయకుండా ఒకే సరుకుతో ఒకే గమ్యానికి వెళ్లేదే యూనిట్ ట్రైన్. దానికి పట్టేది 70,000 బ్యారెళ్లు. రోజుకి 7 లక్షల బ్యారెళ్లు రైలెక్కితే పది రైళ్లు. టెర్మినల్‌లో పట్టాలు పెద్ద ఉంగరంలా వేస్తారు, రైలు విడిపోకుండానే నింపే చోటు ముందు నుంచి నెమ్మదిగా జరుగుతూ పోతుంది. ఇంజిన్‌కీ మొదటి ట్యాంకర్‌కీ మధ్య ఇసుక లాంటి మండని సరుకుతో ఒక వ్యాగన్ పెడతారు. ఇలాంటి చిన్న వివరం ఒక్కటి జవాబులో ఉంటే చాలు, మీరు విషయం చూసి రాశారని దిద్దేవాళ్లకు తెలుస్తుంది.

ఇప్పుడు లాక్-మెగాంటిక్. ఈ పేరుని మార్కుల కోసమే చదవకండని మిమ్మల్ని అడుగుతున్నాను.

2013 జూలై 5 రాత్రి, కెనడాలోని క్యుబెక్ ప్రావిన్స్. బకెన్ చమురుతో 72 ట్యాంకర్ల రైలు ఒకటి నాంట్ అనే ఊరి దగ్గర వాలు మీద ఆగింది. రైలంతటికీ ఉన్నది ఒక్కడే ఉద్యోగి. అతను ఏడు చేతి బ్రేకులు వేసి, ముందున్న ఇంజిన్‌ని నడుస్తూ వదిలి విశ్రాంతికి వెళ్లాడు. ఆ ఇంజిన్ నడుస్తున్నంతసేపే ఎయిర్ బ్రేకులకు గాలి అందుతుంది. కాసేపటికి అందులోనే మంటలు లేచాయి. ఫైర్ సిబ్బంది వచ్చి ఆర్పారు, నియమం ప్రకారం ఇంజిన్ కూడా ఆపేశారు. గాలి మెల్లమెల్లగా దిగిపోయింది. అర్ధరాత్రి దాటాక రైలు తనంతట తానే కదిలింది. 11 కిలోమీటర్లకు పైగా పల్లం, గంటకి 100 కిలోమీటర్లు మించిన వేగం. ఒంటిగంటంపావు వేళ ఊరి నడిబొడ్డున 63 ట్యాంకర్లు పట్టాలు తప్పాయి. దాదాపు 60 లక్షల లీటర్ల చమురు బయటకి వచ్చి మండింది. 47 మంది చనిపోయారు.

ఆ రాత్రి జరిగినదాన్ని నేను నిమిషాల వారీగా కాగితం మీద రాసుకున్నాను. రాస్తూ మధ్యలో రెండుసార్లు పెన్ను పక్కన పెట్టాను. కెనడా రవాణా భద్రతా బోర్డు 2014లో ఇచ్చిన రిపోర్టు 18 కారణాలు చూపింది. ఏ ఒక్కరి తప్పుతోనో జరిగింది కాదది. ఇంజిన్‌కి సరైన రిపేరు జరగలేదు, బ్రేకుల్ని పరీక్షించిన తీరు తప్పు, పైనుంచి పర్యవేక్షణ చాలలేదు. చమురు ప్రమాద స్థాయిని కూడా ఉన్నదానికంటే తక్కువగా, ప్యాకింగ్ గ్రూప్ 2కి బదులు 3గా రాసి పంపారు. బకెన్ చమురు పలచన, తేలిగ్గా ఆవిరయ్యే రకం. చమురంటే అంతా ఒకటే అనుకుని రాసే జవాబులు ఇక్కడే బోల్తా పడతాయి.

ఆ తర్వాతి నిబంధనల్లో కొన్ని చాలు. అమెరికా రవాణా శాఖ (డాట్) పాత ప్రమాణమైన డాట్-111 ట్యాంకర్ గోడ మందం దాదాపు 11 మిల్లీమీటర్లు. 2015 మేలో అమెరికా, కెనడా కలిసి ప్రకటించిన కొత్త ప్రమాణం, అంటే డాట్-117లో, అది 14 మిల్లీమీటర్లు. పైన వేడిని అడ్డుకునే పొర, రెండు చివర్లా పూర్తి ఎత్తు కవచం కూడా ఉంటాయి. బావుల దగ్గరే చమురులోని తేలిక వాయువుల్ని తగ్గించాలని నార్త్ డకోటా 2015 ఏప్రిల్ నుంచి ఆవిరి పీడనానికి పరిమితి పెట్టింది.

కెనడా ఆయిల్ శాండ్స్, అంటే చమురు కలిసిన ఇసుక నేలలు, దీనికి పూర్తిగా వేరే కేసు. అక్కడి బిటుమెన్ తారులా చిక్కగా ఉంటుంది. పైప్‌లైన్‌లో పారాలంటే దాదాపు 30 శాతం తేలిక ద్రావకం కలపాలి. ఆవిరి గొట్టాలు చుట్టిన ట్యాంకర్లలో అయితే తక్కువ కలిపినా సరిపోతుంది, దిగాక వేడి చేసి దింపుకుంటారు. రైలుకి ఇదొక నిజమైన లాభం, నా పాత పేజీలో లేనేలేదు. మిగతాదంతా మళ్లీ ధరల తేడానే. 2018 చివర్లో అక్కడి చమురు డబ్ల్యూటీఐ కంటే 40 డాలర్లకు పైగా తక్కువ పలికింది. 2020 ఫిబ్రవరిలో రైలు ఎగుమతులు రోజుకి 4 లక్షల బ్యారెళ్లు దాటాయి. 2024 మేలో కెనడా పశ్చిమ తీరానికి వెళ్లే ట్రాన్స్ మౌంటెన్ పైప్‌లైన్ విస్తరణ పూర్తయి, ఆ లైన్ సామర్థ్యం రోజుకి 3 లక్షల నుంచి 8.9 లక్షల బ్యారెళ్లకు పెరిగింది.

చరిత్రని చివర్లో చదివాను, ముందే చదవాల్సింది. అమెరికా చమురు పరిశ్రమకి నాంది పలికిన డ్రేక్ బావి 1859లో పెన్సిల్వేనియాలో పడింది. మొదట్లో చమురుని పీపాల్లో గుర్రపు బండ్ల మీద మోసేవారు. 1865లో డెన్స్‌మోర్ సోదరులు చదును వ్యాగన్ మీద రెండు చెక్క తొట్లు బిగించి ట్యాంకర్ తయారుచేశారు. అదే ఏడు, అదే ప్రాంతంలో శామ్యూల్ వాన్ సైకిల్ దాదాపు 5 మైళ్ల పైప్‌లైన్ వేశాడు. అది చమురుని తీసుకెళ్లింది రైల్వే లైను దగ్గరికే! రెండూ పుట్టుకతోనే ఒకదానికొకటి ఆసరా. అందుకే జవాబుని "రైలా, పైప్‌లైనా" అన్న పోటీలా రాయడం మానేశాను. జవాబు మధ్యలో చిన్న మ్యాప్ ఒకటి గీసేవాణ్ణి. బకెన్ నుంచి తూర్పుకీ పశ్చిమానికీ రెండు బాణాలు, ఒక్కోదాని పక్కన అప్పటి ధరల తేడా. గీయడానికి రెండు నిమిషాలు చాలు.

ఇంటర్వ్యూలో నా ఆప్షనల్ సబ్జెక్ట్ జాగ్రఫీ అని చూసి ఒక మేడం ఇదే ఎత్తారు. "మీ జిల్లా మీదుగా చమురు రైళ్లు వెళ్తాయంటే అధికారిగా వద్దంటారా?" అని అడిగారు. "వద్దనే ముందు నాలుగు విషయాలు తెలుసుకుంటాను మేడం" అన్నాను. ఏ రకం చమురు, ఏ ట్యాంకర్, రాత్రి ఎక్కడ ఆపుతారు, మా ఫైర్ స్టేషన్‌కి ముందే చెబుతారా. 10 లక్షల గ్యాలన్లు, అంతకు మించి బకెన్ చమురు మోసే రైళ్ల గురించి రాష్ట్రాల అత్యవసర విభాగాలకు ముందే తెలపాలని అమెరికా 2014 మేలో ఆదేశించిన సంగతి కూడా చెప్పాను.

"లాక్-మెగాంటిక్‌లో చేతి బ్రేకులు ఎన్ని వేశారు?"

"ఏడు, మేడం."

"ఎన్ని వేయాల్సింది?"

"ఎయిర్ బ్రేకుల సాయం లేకుండా ఆగాలంటే కనీసం 17, బహుశా 26 దాకా."

ఆవిడ కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత పక్కనున్న సభ్యుడి వైపు తిరిగి, ఇక మీరు అడగండి అన్నట్టు తల ఊపారు.