ఎడమ చెవిలో కీచురాయి

గత దీపావళి రాత్రి మా అరుగు మీద ప్రమిదల్లో నూనె పోస్తూ ఉండగా, తుస్సుమందనుకుని ఎవరో వదిలేసి వెళ్లిన లక్ష్మీబాంబు నా ఎడమ చెవికి మూడు నాలుగు అడుగుల దూరంలో పేలింది. పేలిన చప్పుడు నాకు సరిగా గుర్తు లేదు. దాని వెనకే కమ్ముకున్న నిశ్శబ్దమే గుర్తుంది. మా అబ్బాయి పెదవులు కదులుతున్నాయి గానీ, మాట దూది మూటలోంచి వస్తున్నట్టుంది. పది నిమిషాల తరవాత ఆ దూదిలోనే కీచురాయి ఒకటి కూత మొదలుపెట్టింది. “తెల్లారేసరికి అదే సర్దుకుంటుంది లెండి” అంది మా ఆవిడ. నేనూ అలాగే అనుకున్నాను.

తెల్లారింది, దూది కొంత పలచబడింది, కీచురాయి మాత్రం ఆగలేదు. మూడో రోజు కళాశాలకు వెళ్లి హాజరు తీసుకుంటున్నప్పుడు అసలు సంగతి బయటపడింది. కుడి చెవి కిటికీ వైపు, ఎడమ చెవి పిల్లల వైపు పెట్టి నిలబడ్డాను. వెనక బెంచీ కుర్రాడు “సరే సార్” అంటే నాకు “అరే ఆర్” అని వినిపించింది, కోపం కూడా వచ్చింది. మన భాషలో శ, ష, స అనే ఊష్మాల బలమంతా హెచ్చు పౌనఃపున్యాల్లోనే ఉంటుంది. అచ్చులు కిందిస్థాయిలో గట్టిగా పలుకుతాయి. అందుకే మాట వినపడుతూనే ఉంటుంది, అందులోంచి సకారాలు మాత్రం రాలిపోతాయి.

ఆ సాయంత్రమే ఈఎన్‌టీ డాక్టరుగారి దగ్గరకు వెళ్లాను. ఆయన శృతిదండాన్ని (ట్యూనింగ్ ఫోర్కును) మోగించి నా నుదుటి మధ్య ఆనించి ఎటువైపు వినిపిస్తోందని అడిగారు; బాగున్న కుడి వైపే వినిపించింది. ఏ స్థాయికి ఎంత గట్టిగా మోగిస్తే వినపడుతుందో చూపే ఆడియోగ్రామ్ గీత 2000 హెర్ట్జ్ వరకు మామూలుగా సాగి, 4000 దగ్గర 60 డెసిబెళ్ల లోతుకు పడిపోయి, 8000 దగ్గర మళ్లీ కొంచెం పైకి లేచింది. “కర్ణభేరి బాగానే ఉందండీ, దెబ్బ లోపల తగిలింది. ఎంత వెనక్కి వస్తుందో ఆరు వారాలకు గానీ చెప్పలేను. మూడు నెలలకు మిగిలింది మిగిలినట్టే” అన్నారు. ప్రెడ్నిసొలోన్ అనే స్టీరాయిడ్ మాత్రలు రోజురోజుకూ తగ్గించుకుంటూ వేసుకోమని రాసి, వాటివల్ల కచ్చితంగా మేలు జరుగుతుందని మాట ఇవ్వలేనని కూడా చెప్పారు. ఆ నిజాయితీ నాకు నచ్చింది.

నిద్ర పట్టని ఆ రాత్రుల్లో, కీచురాయిని కప్పిపుచ్చడానికి ఫ్యాను హోరుగా తిప్పుకుని, లోపల దెబ్బ తిన్నది ఏమిటో చదవడం మొదలుపెట్టాను. జంతుశాస్త్రం పాఠాలు చెప్పి బతికేవాణ్ణి అయినా, నా చెవిలో ధ్వనిని పట్టే రోమకణాల గురించి నాకు తెలిసింది బోర్డు మీద గీసే బొమ్మ వరకే. కణం నెత్తిన గడ్డిపరకల్లా నాలుగు గీతలు గీసి, వాటిని శైలికలని (సిలియా అని) చెప్పి, మరో పాఠానికి వెళ్లిపోయేవాణ్ణి. అది తప్పు. పేరు స్టీరియోసిలియా అయినా అవి శైలికలు కావు. శైలిక లోపల సూక్ష్మనాళికల చట్రం ఉంటుంది. వీటి లోపల ఉన్నది యాక్టిన్ అనే ప్రోటీన్ పోగుల కట్ట. నా బాధంతా ఆ కట్ట చుట్టూనే తిరిగింది కాబట్టి దాని సంగతి కాస్త చెప్పాలి.

కర్ణావర్తంలోని, అంటే లోపలి చెవిలో నత్తగుల్లలా చుట్టుకున్న భాగంలోని, ఒక్కొక్క రోమకణం మీద ఈ పుల్లలు మూడు వరుసల్లో, పొట్టివి ముందు, పొడుగువి వెనక, మెట్లలా నిలబడి ఉంటాయి. ఒక్కొక్క పుల్లలో వందల యాక్టిన్ పోగులు ఒకే దిశలో నిటారుగా సాగుతాయి. వాటిని ప్లాస్టిన్, ఎస్పిన్, ఫాసిన్ అనే ప్రోటీన్లు, తడికలో వెదురుబద్దలను తాళ్లతో బిగించినట్టు, అడుగడుగునా కలిపి కడతాయి. అందుకే ధ్వని తరంగం తోసినప్పుడు పుల్ల మధ్యలో వంగదు. మొదలు దగ్గర సన్నగా ఉన్న చోట బిగుసుగానే అటూ ఇటూ ఒరుగుతుంది. పొట్టి పుల్ల కొన నుంచి పక్కనున్న పొడుగు పుల్లకు సన్నటి దారం ఒకటి ఉంటుంది, దాని పై సగం క్యాడ్‌హెరిన్ 23, కింది సగం ప్రోటోక్యాడ్‌హెరిన్ 15. మెట్లు ఒరిగితే ఈ దారం లాగబడి, కొనలోని ద్వారం తెరుచుకుని, కణం నాడికి కబురు పంపుతుంది. మెట్టు ఎంత ఎత్తు పెరగాలో నిర్ణయించేది కూడా ప్రోటీన్లే: మయోసిన్ 15 అనేది విర్లిన్‌నూ, ఈపీఎస్ 8నూ మోసుకుని కొనకు చేరుస్తుంది, అక్కడే యాక్టిన్ పోగు పెరుగుతుంది. ఈ మోసుకెళ్లడం ఆగితే పుల్లలు పొట్టిగా ఉండిపోతాయి. ఇండోనేషియాలోని బాలి దీవిలో బెంగ్కాలా అనే ఊళ్లో తరతరాలుగా పుట్టు చెవుడు వస్తోంది. దాని మూలం ఈ మయోసిన్ జన్యువులోని లోపమేనని 1990ల్లో తేలింది. ఆ ఊళ్లో వినపడేవాళ్లు కూడా సైగల భాష నేర్చుకుంటారట. ఒక సకారం పోయినందుకే పిల్లవాడి మీద కేకలేసిన నాకు ఆ ఊరు చాలా రోజులు మనసులో మెదిలింది.

నాకు ఆశ కలిగించిన విషయం మరమ్మతు. ప్రయోగశాలలో తెంపిన కొన దారాలు ఒకటి రెండు రోజుల్లోనే మళ్లీ అల్లుకున్నట్టు చూశారు. పెద్ద చప్పుడుకు యాక్టిన్ కట్టలో పడిన బీటలను ఎలుకల్లో రోమకణాలు వారం రోజుల్లో పూడ్చుకుంటున్నట్టు కనిపించింది, ఆ పూడికకు ఎక్సిర్ప్ 2 అనే ప్రోటీన్ అవసరమట. అయితే పుల్ల మొదలంటా విరిగినా, కణమే చచ్చిపోయినా క్షీరదాల్లో కొత్తది పుట్టదు. పక్షుల్లో పుడుతుంది, 1988లో ఈ సంగతి వెల్లడైంది. మా పెరట్లో తిరిగే కోడికి ఉన్న భాగ్యం నాకు లేదన్నమాట.

నా చెవిని కోసి ఎవరూ చూడలేదు కాబట్టి ఏ దారం అతుక్కుందో, ఏ పుల్ల విరిగిందో నేను చెప్పలేను; నాకు దొరికిన సాక్ష్యం ఆడియోగ్రామ్ గీత ఒక్కటే. ఆరో వారానికి 4000 దగ్గర గొయ్యి 60 నుంచి 35కు తగ్గింది. మూడో నెలకు 30కి వచ్చి అక్కడే ఆగిపోయింది. డాక్టరుగారు రెండు కాగితాలు పక్కపక్కన పెట్టి, “ఇది మంచి ఫలితమేనండీ” అని, ఇకమీదట చప్పుళ్ల దగ్గరకు చెవిలో బిరడాలు లేకుండా వెళ్లొద్దన్నారు. మన దేశంలో నాలుగు మీటర్ల దూరంలో 125 డెసిబెళ్లు దాటే బాణసంచా నిషిద్ధం. నేను ఒక మీటరు దూరంలో ఉన్నాను, పైగా ఆ బాంబు పెట్టె మీద ఏ లెక్క రాసి ఉందో ఎవరూ చూడలేదు.

కీచురాయి ఇప్పుడు పగలు వినపడదు. ఇల్లు సద్దుమణిగాక, ఫ్యాను ఆపితే, దూరంగా పొలంలో ఉన్నట్టు కూస్తుంది. పెళ్లి పందిట్లో నలుగురూ ఒక్కసారి మాట్లాడితే ఇంకా తికమకపడతాను. హాజరు తీసుకునేటప్పుడు ఇప్పుడు కుడి చెవి పిల్లల వైపు పెట్టి నిలబడుతున్నాను. మొన్న మళ్లీ చెవి పాఠం వచ్చింది. గడ్డిపరకల బొమ్మ చెరిపి, మూడు మెట్లు గీసి, మెట్టులో నిలువు గీతలు, వాటిని కట్టే అడ్డగీతలు, మెట్టుకూ మెట్టుకూ మధ్య దారం వేసి, పాత నోట్సుల్లో శైలికలు అన్న మాట కొట్టేయమన్నాను. వెనక బెంచీ కుర్రాడు “సరే సార్” అన్నాడు.